కీర్తి, ఖ్యాతి, పేరు, ప్రతిష్ఠ: ఏ మాట ఎక్కడ వాడాలి?

పదశోధిని:

విద్యార్థుల కోసం నేను సిద్ధం చేస్తున్న చిన్న పర్యాయపద కోశంలో ‘కీర్తి’ దగ్గర పని ఆగిపోయింది. నిఘంటువులు కీర్తికి యశస్సు అనీ, యశస్సుకు ఖ్యాతి అనీ, ఖ్యాతికి ప్రసిద్ధి అనీ, ప్రసిద్ధికి మళ్లీ కీర్తి అనీ చెప్పి, చుట్టూ తిప్పి బయలుదేరిన చోటికే తెస్తున్నాయి. వాడుకలో మాత్రం ఒకదాని చోట ఇంకొకటి కుదరడం లేదు. ‘ఆ వైద్యుడికి మంచి పేరుంది’ అంటాం గాని ‘మంచి కీర్తి ఉంది’ అనం. ‘సంస్థ ప్రతిష్ఠ దెబ్బతింది’ అంటాం, ‘ప్రసిద్ధి దెబ్బతింది’ అనం. ‘ఖ్యాతి గడించాడు’ అంటే చెవికి ఇంపుగానే ఉంటుంది, ‘పరువు గడించాడు’ అంటే ఎక్కడో తేడా కొడుతుంది. ‘పేరుమోసిన’ అన్న విశేషణం శస్త్రవైద్యుడికీ గజదొంగకీ సమానంగా అతుకుతోంది. ఇవి చాలవన్నట్టు ‘ఫేమ్’, ‘సెలబ్రిటీ’, ‘వైరల్’ అనే మాటలు పిల్లల నోట పాతవాటన్నిటినీ పక్కకు నెట్టేశాయి.

ఈ తేడాలు కేవలం అలవాటు వల్ల ఏర్పడినవా, లేక ఒక్కో మాట వెనుక ఒక్కో వేరు విషయం ఉందా? సభ్యులు ఉదాహరణలతో చెబితే నా పని సులువవుతుంది.

పాతపుటలు:

పదశోధిని గారూ, సంస్కృత పర్యాయపద నిఘంటువైన అమరకోశం ఈ మాటలను ఏ వర్గంలో పెట్టిందో చూస్తే సగం జవాబు అక్కడే దొరుకుతుంది. ‘యశః కీర్తిః సమజ్ఞా చ’ అన్నది శబ్దాదివర్గంలోని పాదం. ఆ వర్గమంతా వాక్కు, భాష, పలుకు వంటి వాటికి సంబంధించినది. ఈ మూడు పదాల వెంటనే స్తవం, స్తోత్రం, స్తుతి, నుతి వస్తాయి. ఇంకొంచెం ముందుకు వెళ్తే నిందకు పర్యాయాలు వస్తాయి. సంపద పక్కనో శౌర్యం పక్కనో పెడతాడనుకున్న దాన్ని కోశకారుడు నలుగురి నోటి పక్కన పెట్టాడన్నమాట.

ధాతువులు చెప్పేదీ ఇదే. కీర్తికీ కీర్తనకూ మూలం ఒకటే. ఎత్తి చెప్పడం, పొగిడి చెప్పడం. ఆఖ్యానం, వ్యాఖ్య అనే మాటల్లో ఉన్న ధాతువే ఖ్యాతిలోనూ ఉంది. విశ్రుతుడంటే బాగా వినబడినవాడు. ఋగ్వేదంలో కీర్తికి వాడిన ‘శ్రవస్సు’ వినడం నుంచి వచ్చింది. గ్రీకు వీరులు ప్రాణాలొడ్డి సంపాదించుకునే ‘క్లెయోస్’ దానికి సోదరపదం. లాటిన్ ‘ఫామా’ మాట్లాడడమనే అర్థం గల క్రియ నుంచి పుట్టింది, మీ విద్యార్థులు వాడే ‘ఫేమ్’ దాని సంతానమే. మన భాష కూడా తక్కువేమీ తినలేదు: ‘పలుకుబడి’లో పలుకు కళ్లెదుటే ఉంది.

ఇక కీర్తికీ యశస్సుకూ తేడా చెప్పినవారు లేకపోలేదు. దానం వల్ల వచ్చేది కీర్తి, శౌర్యం వల్ల వచ్చేది యశస్సు అని ఒక సంప్రదాయం. బతికి ఉండగా యశస్సు, పోయాక కీర్తి అని ఇంకొకటి. కవులు ఈ గీతలను గౌరవించిన దాఖలాలు తక్కువ, పద్యంలో గణం కుదిరిన మాటే వాళ్లకు కావలసిన మాట. వాళ్లు తప్పకుండా పాటించింది రంగును మాత్రమే. కవిసమయంలో, అంటే కవులంతా పాటించే ఆనవాయితీలో, కీర్తి తెల్లగా ఉంటుంది, అపకీర్తి నల్లగా ఉంటుంది.

తర్కశీలి:

పాతపుటలు గారి వివరణ ఆసక్తిగా ఉంది గాని, అందులో అడిగిన ప్రశ్నకు జవాబు లేదు. పుట్టుక తెలిసినంత మాత్రాన వాడుక తెలియదు. అన్ని మాటలూ నోటి నుంచే పుట్టాయంటే, అవి ఒకదానితో ఒకటి ఎందుకు పోట్లాడుతున్నాయో ఇంకా చెప్పవలసే ఉంది.

నాకు తోచిన దారి ఇది. ఒక మనిషి గురించి ఎంతమందికి తెలుసు అన్నది ఒక ప్రశ్న. తెలిసినవాళ్లు అతని గురించి ఏమనుకుంటున్నారు అన్నది పూర్తిగా వేరే ప్రశ్న. ‘ప్రసిద్ధి’ మొదటి ప్రశ్నకు మాత్రమే జవాబిస్తుంది. అందుకే అది మనుషులకే పరిమితం కాకుండా ‘ఆ సంగతి లోకప్రసిద్ధమే’ అన్నప్పుడు ఏ మెప్పూ లేని విషయానికి కూడా సరిపోతుంది. ‘ప్రతిష్ఠ’, ‘పరువు’, ‘మంచి పేరు’ రెండో ప్రశ్నకు జవాబులు. వాటికి జనసంఖ్యతో పని లేదు, పదిమంది మధ్య బతికేవాడికైనా పరువుంటుంది, పోతుంది. ‘కీర్తి’ మాత్రం రెండూ కావాలంటుంది, పైగా కాలం కూడా నిలవాలంటుంది. వైద్యుడి గురించి మీరు ఇచ్చిన వాక్యంలో కీర్తి కుదరకపోవడానికి కారణం ఇదే. అక్కడ మనం చెప్పదలచుకున్నది అతని చేతిమీద రోగులకున్న నమ్మకాన్ని. యుగాలపాటు నిలిచే దేన్నీ కాదు.

ఈ రెండు ప్రశ్నలూ ఎంత దూరంగా ఉండగలవో చూడాలంటే హెరోస్ట్రాటస్‌ను తలచుకోవాలి. క్రీ.పూ. 356లో ఎఫెసస్ నగరంలోని ఆర్టెమిస్ దేవాలయాన్ని అతడు తగలబెట్టాడు. తన పేరు లోకమంతా తెలియడం కోసమే ఆ పని చేశానని ఒప్పుకున్నాడు. ఆ పేరు ఎవరూ ఉచ్చరించరాదని నగరవాసులు శాసించారు. థియోపాంపస్ అనే చరిత్రకారుడు దాన్ని రాసిపెట్టాడు, ఇదిగో నేను ఇప్పుడు మళ్లీ రాస్తున్నాను. అతనికి ప్రసిద్ధి ఉందా అంటే ఉంది. కీర్తి ఉందా అంటే ఏ తెలుగువాడూ ఉందనడు. భాష ఇక్కడ తేడాను స్పష్టంగానే పట్టుకుంది.

అచ్చుతప్పు:

పత్రికలో వార్తలు దిద్దే బల్ల దగ్గర చాలాకాలం కూర్చున్నవాడిని కాబట్టి వాడుక సంగతి నాకు వదిలేయండి.

‘పేరు’ ఒక్కటే తీసుకున్నా, పక్కన ఉన్న క్రియ మారితే లోకమే మారిపోతుంది. పేరు తెచ్చుకోవడంలో కష్టం ఉంది. పేరు రావడంలో అదృష్టానికి కూడా వాటా ఉంది. పేరు పడడం సాధారణంగా చెడ్డది, ‘పిసినారి అని పేరుపడ్డాడు’ అన్నట్టు. పేరు నిలబెట్టడం తరువాతి తరం చేసే పని, చెడగొట్టేదీ వాళ్లే. పేరు చెప్పుకొని బతకడం ఇంకొకరి సంపాదన తినడం. ‘పేరుకే అధ్యక్షుడు’ అన్నప్పుడు పేరు తప్ప ఇంకేమీ లేదని అర్థం. ‘పేరుపోయిన పండితుడు’ అని పాత పుస్తకాల్లో కనబడితే కంగారు పడకూడదు, అతని పేరు దేశదేశాలకు పోయిందని భావం. ఇవాళ ‘పేరు పోయింది’ అంటే మాత్రం సంతాపం చెప్పాల్సిందే. ‘పేరెన్నికగన్న’ అన్నప్పుడు ఎంచి లెక్కపెట్టినవారిలో ఒకడని. ‘వాసికెక్కిన’ అన్నప్పుడు నాణ్యత వల్ల పైకి వచ్చాడని, ఎందుకంటే వాసి అంటే మొదట నాణ్యతే.

‘పేరుమోసిన’ విషయానికొస్తే, ఇందులో మోయడం ఉంది గాని ఏం మోశాడో చెప్పడం లేదు. అందువల్ల దొంగకీ సరిపోతుంది. కాకపోతే వైద్యుడి పక్కన ‘పేరుగాంచిన’, ‘పేరొందిన’ అని రాయడానికే మా బల్ల దగ్గర మొగ్గు ఉండేది. ‘పేరుమోసిన’ను నేరవార్తలు దాదాపు తమ సొంతం చేసుకున్నాయి. ఇలాంటి గతి పట్టిన మరొక మాట ‘ఘనత వహించిన’. ఒకప్పుడు నిండు గౌరవం, ఇప్పుడు రాస్తే వెటకారమనే చదువుతారు.

అన్నిటికన్నా అరిగిపోయింది ‘ప్రముఖ’. సభల నిర్వాహకులు పంపే ప్రకటనల్లో ఆ మాట లేని పేరు ఉండేది కాదు. ప్రముఖ పారిశ్రామికవేత్త, ప్రముఖ సంఘసేవకుడు, ఆఖరికి ఒకసారి ‘ప్రముఖ వ్యక్తి’ అని వచ్చింది. దేనిలో ప్రముఖుడో రాసినవారికి కూడా తెలిసినట్టు లేదు. ఎర్ర కలంతో మొదట కొట్టేసేది ఆ మాటనే, కొట్టేశాక వాక్యం ఒక్కసారి కూడా కుంటలేదు.

న్యాయపథికుడు:

తర్కశీలి గారు చేసిన విభజనను న్యాయశాస్త్రం చాలాకాలంగా పాటిస్తోంది, అయితే మూడో ప్రశ్న ఒకటి కలుపుకొని: ఎవరిలో తెలుసు? భారతదేశపు 1999 నాటి వాణిజ్య చిహ్నాల చట్టం ఒక గుర్తును ‘సుప్రసిద్ధ చిహ్నం’గా తేల్చేటప్పుడు సంబంధిత ప్రజావర్గంలో దానికున్న పరిచయాన్ని చూడమంటుంది. దేశంలోని సామాన్య జనం మొత్తానికి తెలిసి ఉండాలన్న షరతు పెట్టరాదని కూడా అదే చట్టం స్పష్టం చేసింది. కేవలం శస్త్రవైద్యులే వాడే పనిముట్టు మీది గుర్తు వీధిలో ఎవరికీ తెలియకపోయినా, చట్టం దృష్టిలో అది సుప్రసిద్ధం కావచ్చు. మనుషుల విషయంలో కూడా మనం ఈ మాట మరచిపోతుంటాం. ఏ రంగంలో, ఎవరి మధ్య అని చెప్పకుండా ‘ప్రసిద్ధుడు’ అంటే అది సగం వాక్యమే.

పరువు సంగతి వేరు. పరువునష్టం చట్టం కాపాడేది నలుగురికీ తెలిసి ఉండడాన్ని కాదు, నలుగురిలో ఉన్న మంచి అభిప్రాయాన్ని. విచిత్రమేమిటంటే కొన్ని దేశాల్లో మొదటిది పెరిగిన కొద్దీ రెండోదానికి రక్షణ తగ్గుతుంది. అమెరికా సుప్రీంకోర్టు 1964లో ప్రభుత్వాధికారుల విషయంలో ఒక సూత్రం చెప్పింది: తమ మీద వచ్చిన అబద్ధం అబద్ధమని తెలిసే రాశారని గాని, నిజమో కాదో అన్న పట్టింపే లేకుండా రాశారని గాని వాళ్లు నిరూపించాలి. 1967లో ఆ సూత్రాన్ని అధికారులు కాని ప్రసిద్ధులకు కూడా వర్తింపజేశారు. ఒకే ఒక్క వివాదంలోకి తమంతట తాము దిగినవాళ్లు ఆ వివాదం మేరకు మాత్రమే ప్రసిద్ధులుగా లెక్కకు వస్తారని 1974లో మరొక తీర్పు వివరించింది. అంటే న్యాయస్థానం ప్రసిద్ధిని కొలిచి, ముక్కలు కోసి, ఈ మేరకు నువ్వు పేరున్నవాడివి, ఆ పైన సామాన్యుడివి అని చెప్పిందన్నమాట.

రోమన్ చట్టంలో ఇంకా పెద్ద వింత ఉంది. నటులకూ కత్తియుద్ధం చేసే గ్లాడియేటర్లకూ ‘ఇన్ఫామియా’ (అపఖ్యాతి) అనే ముద్ర ఉండేది. దానివల్ల పౌరుడికి ఉండే కొన్ని హక్కులు పోయేవి. నగరమంతా ఎవరి పేరు అరుస్తుందో వాళ్లకే చట్టం దృష్టిలో పేరు లేదు. ప్రసిద్ధికీ ప్రతిష్ఠకూ మధ్య గోడ ఇంత ఎత్తుగా కట్టిన వ్యవస్థ నాకు ఇంకొకటి గుర్తు రావడం లేదు.

మృదుభాషి:

‘పరపతి’ని ఎవరూ ముట్టుకోలేదు. పలుకుబడి అనే అర్థంతో పాటు అప్పు పుట్టే శక్తి అనే అర్థం కూడా దానికి ఉంది. సహకార పరపతి సంఘంలో ఉన్నది ఆ రెండో అర్థమే. నలుగురూ మంచివాడంటే అప్పు పుడుతుంది, అప్పు పుట్టినవాడి మాటకు విలువ వస్తుంది. పదశోధిని గారి కోశంలో దీనికి చోటుండాలని నా అభిప్రాయం.

కొత్తగొంతు:

నేను పాడిన ఒక పాట ముక్క కొంతకాలం క్రితం ఫోన్ల నిండా తిరిగింది. మీరు చర్చిస్తున్న విషయం నాకు దగ్గర నుంచి తెలుసు కాబట్టి రాస్తున్నాను. దాని గురించి చెప్పడానికి ‘వైరల్’ అన్న మాట తప్ప పై జాబితాలోని ఏ మాటా నాకు సరిపోలేదు.

అసలు వీడియోలో నా పేరు ఉంది. రెండో చేతికి వెళ్లేసరికి ఎవరో అంచులు కత్తిరించారు, దాంతో పేరు పోయింది. తరువాత నా ముఖం స్థానంలో పిల్లి బొమ్మ వచ్చింది, ఆ తరువాత నా గొంతు మీద ఇంకెవరెవరో పెదవులు కదిపారు. ఒక బంధువుల కార్యక్రమంలో నా ఎదురుగా కూర్చున్న అమ్మాయి, ‘అక్కా, ఇది విన్నావా, భలే ఉంది’ అంటూ ఫోన్ నా చెవి దగ్గర పెట్టింది. విన్నానని చెప్పాను. నేనే పాడానని చెప్పి ఉంటే నమ్మి ఉండేదా అన్నది వేరే సంగతి, చెప్పబుద్ధి కాలేదు. ఆ గొంతు లక్షల మందికి తెలుసు, నేను ఆ గదిలో ఉన్నవాళ్లకే సరిగా తెలియదు.

తర్కశీలి గారి లెక్కలో ఇది ఏ గడిలో పడుతుంది? ఎంతమందికి తెలుసన్న ప్రశ్నకు జవాబు ఉంది, ఏమనుకుంటున్నారన్న దానికి కూడా ఉంది. ‘ఎవరు’ అన్నదే లేదు.

తర్కశీలి:

కొత్తగొంతు గారూ, మీ ప్రశ్నతో నా గడులు చాలవని తేలింది. పాటకు ప్రాచుర్యం వచ్చింది, పాడినవారికి ప్రసిద్ధి రాలేదు అని చెప్పుకోవాలి. ‘ప్రాచుర్యం’ అన్న మాట మన జాబితాలో లేకపోవడమే లోపం. ఒక వస్తువు విరివిగా చలామణిలో ఉండడాన్ని అది చెబుతుంది, దాని వెనుక మనిషి ఉండాలన్న నియమం దానికి లేదు. సామెతకు ప్రాచుర్యం ఉంటుంది, కర్త ఉండడు.

పాతపుటలు:

కొత్తగొంతు గారు చెప్పింది చదవగానే మహాభారతంలోని ఇంద్రద్యుమ్నుడి కథ గుర్తొచ్చింది. వనపర్వంలో మార్కండేయుడు పాండవులకు చెప్పే కథ. భూమి మీద తన కీర్తి అంతరించిందన్న కారణంతో ఇంద్రద్యుమ్నుడు స్వర్గం నుంచి కింద పడ్డాడు. నన్ను ఎరుగుదువా అని మార్కండేయుడిని అడిగాడు. ఎరుగనన్నాడు. తనకన్నా ముందు పుట్టిన గుడ్లగూబ హిమాలయం మీద ఉందన్నాడు. అక్కడికి వెళ్లి అడిగితే అదీ ఎరుగదు. తనకన్నా ముసలిదైన కొంగ ఇంద్రద్యుమ్న సరస్సులో ఉందని చెప్పింది. ఆ కొంగకు కూడా ఆ రాజు తెలియదు. చివరికి అదే సరస్సులో ఉన్న అకూపారమనే తాబేలు నీళ్లలోంచి పైకి వచ్చి, కళ్లనీళ్లు పెట్టుకుని, ఈయనను ఎరగకపోవడమేమిటి, ఈయన యజ్ఞాల్లో దక్షిణగా ఇచ్చిన ఆవుల గిట్టల తొక్కిడికే కదా ఈ సరస్సు ఏర్పడింది అంది. వెంటనే స్వర్గం నుంచి రథం దిగి వచ్చింది.

ఇందులో నన్ను ఎప్పుడూ ఆపేసేది కొంగ. అది ఉంటున్న సరస్సు పేరే ఇంద్రద్యుమ్నం. రోజూ ఆ పేరున్న నీళ్లలో నిలబడుతోంది, ఆ పేరుగల మనిషి ఎదురుగా వచ్చి నిలబడితే తెలియదంది. పేరు నిలిచింది గాని కీర్తి నిలవలేదు. రథం రావడానికి ఎంతమందికి తెలుసన్న లెక్క అడగలేదు కూడా. ఒక్క ప్రాణికి, అదీ ఎందుకు గుర్తున్నాడో చెప్పగలిగిన ప్రాణికి తెలిస్తే సరిపోయింది. తర్కశీలి గారు కీర్తికి జనసంఖ్య కావాలన్నారు. ఈ కథ ఒప్పుకోదు.

గణితమిత్ర:

విజ్ఞానశాస్త్రం నిండా ఆ కొంగలే ఉన్నాయి. బల్బు మీద వాట్లు చూసి కొనేవారిలో జేమ్స్ వాట్‌ను తలిచేదెవరు? ఎవరితోనైనా సంబంధాలు తెంచుకుని ‘బాయ్‌కాట్’ చేస్తున్నామనేవారికి, 1880లో ఐర్లండ్‌లో కౌలురైతులు వెలివేసిన చార్లెస్ బాయ్‌కాట్ అనే ఎస్టేటు పాలకుడు ఒకడుండేవాడని తెలియనక్కర లేదు. ఆయనది ఇంకా దయనీయం, తనకు జరిగిన అవమానానికే తన పేరు స్థిరపడింది.

పైగా ఆ పేర్లు సరైన మనిషికి చేరతాయన్న నమ్మకం కూడా లేదు. గణాంకశాస్త్రవేత్త స్టీఫెన్ స్టిగ్లర్ 1980లో, ఏ ఆవిష్కరణకూ దాన్ని నిజంగా కనిపెట్టినవారి పేరు ఉండదని సరదాగా ఒక ‘నియమం’ ప్రతిపాదించి, దానికి తన పేరే పెట్టి, ఇది నిజానికి సామాజికశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ చెప్పిందేనని ముగించాడు. ఆ మెర్టనే 1968లో ఇంకో సంగతి వివరించాడు: సమానమైన పనికి కూడా అప్పటికే పేరున్న శాస్త్రవేత్తకు ఎక్కువ గుర్తింపు వస్తుంది, ఉమ్మడిగా చేసిన పనిలోనూ పెద్ద పేరే మిగులుతుంది. అంటే పేరు పనికి కూలి అనుకుంటాం గాని, చాలావరకు అది పాత పేరుకు వచ్చే వడ్డీ.

ఆలస్యం మాటేమిటంటే, బఠాణీ మొక్కల మీద చేసిన ప్రయోగాలను మెండెల్ 1865లో వినిపించి 1866లో అచ్చు వేశాడు, 1884లో మరణించాడు. 1900లో ముగ్గురు శాస్త్రవేత్తలు వేర్వేరుగా ఆ ఫలితాల దగ్గరికే వచ్చాకే ఆయన పేరు లోకానికి ఎక్కింది. 1866 నుంచి 1900 దాకా ఆయనకు ఉన్నది ఏమిటి? పని మొత్తం అచ్చులో ఉంది, గ్రంథాలయాల్లో ఉంది. తర్కశీలి గారు దీనికి ఒక మాట చూడాలి.

అచ్చుతప్పు:

మాట ఉంది, ‘అర్హత’. గుర్తింపు లేకపోయినా అది ఉంటుంది.

పోయినవారి ప్రస్తావన వచ్చింది కాబట్టి ‘కీర్తిశేషులు’ అన్న మాట మన కోశకర్త్రి దృష్టికి తెస్తున్నాను. కీర్తి మాత్రమే మిగిలినవారు అని అర్థం. మరణించిన ప్రతివారి పేరు ముందూ ‘కీ.శే.’ అని రెండు చుక్కలతో పెట్టేస్తాం, కీర్తి ఉందా లేదా అని విచారించం. మా కాలంలో ఒక పత్రికలో ఓ సభ వార్తలో జీవించి ఉన్న వక్త పేరు ముందు ఆ రెండక్షరాలు పడ్డాయి. మర్నాడు ఆయనే స్వయంగా కార్యాలయానికి వచ్చి, కీర్తి ఉందని ఒప్పుకున్నందుకు సంతోషమేనని, మిగతాది కూడా ఇంకా శేషించే ఉందని వేయమని నవ్వుతూ అడిగారు. సవరణ వేశారు. ఆ మాటను అలవాటుగా వాడడం మానమని నేను అందరికీ చెబుతూ ఉంటాను, ‘దివంగత’ సరిపోతుంది.

పాతపుటలు:

గణితమిత్ర గారి వడ్డీ మాట బాగుంది. అయినా ఒక అభ్యంతరం. ఫోన్లలో తిరిగే ముక్కకు వచ్చిన గుర్తింపునూ, పని వల్ల వచ్చే కీర్తినీ ఒకే తక్కెడలో వేయడం నాకు రుచించదు. ఇప్పటి సెలబ్రిటీ ప్రసిద్ధి చెందిన కారణంగానే ప్రసిద్ధుడు. అమెరికన్ చరిత్రకారుడు డేనియల్ బూర్‌స్టిన్ 1960ల ఆరంభంలోనే ఈ సంగతి పట్టుకున్నాడు. దీన్ని కోరుకోవడానికి మన దగ్గర ‘కీర్తికండూతి’ అన్న మాట సిద్ధంగా ఉంది, కండూతి అంటే దురద. పాతవాళ్లు కోరింది ఇది కాదు.

తర్కశీలి:

పాతవాళ్లు కోరింది ఇదే, చేతిలో ఉన్న సాధనాలు వేరు. సముద్రగుప్తుడి అలహాబాదు స్తంభ శాసనాన్ని హరిషేణుడు రచించాడు. ఈ స్తంభం భూమి పైకెత్తిన చెయ్యి అనీ, రాజు కీర్తి ఇంద్రుడి భవనం దాకా వెళ్లిందని అది చాటుతోందనీ అందులో ఉంది. ఆ కవి రాజు కొలువులో పెద్ద ఉద్యోగి. ప్రశస్తి రాయించుకోవడం, రాతిలో చెక్కించడం, పదిమందీ చూసే చోట నిలపడం అన్నవి ప్రచారం కాక మరేమిటి? పాత శాసనాల్లో గుడిని, కట్టడాన్ని కూడా ‘కీర్తి’, ‘కీర్తన’ అని పిలిచినట్టు మీకే బాగా తెలుసు. కీర్తిని రాతితో కట్టేవారు, దానికి ఖర్చు పెట్టేవారు.

కోరిక విషయంలో పోతనగారి బలిచక్రవర్తి మనకు అడ్డం వస్తాడు. గురువు వద్దంటున్నా దానానికే సిద్ధపడుతూ, శిబి మొదలైన దాతలను ‘యశఃకాములు’ అంటాడు. కీర్తిని కోరినవారు అని అర్థం. ఆ మాటలో దురద వాసన లేదు. కావ్యప్రయోజనాలు లెక్కపెడుతూ సంస్కృత ఆలంకారికుడు మమ్మటుడు మొదట రాసింది యశస్సునే, ధనం దాని తరువాతే వచ్చింది. కాబట్టి ‘కీర్తికాముడు’ అన్నది తిట్టో మెచ్చికోలో ఆ మాటను చూసి చెప్పలేం, ఆ కోరికతో అతడు ఏం చేశాడో చూసి చెప్పాలి. బలి దానం చేశాడు, హెరోస్ట్రాటస్ నిప్పు పెట్టాడు.

పాతపుటలు:

శాసనం సంగతి ఒప్పుకుంటాను. కానీ హరిషేణుడు తన రాజు ఏ యుద్ధాలు గెలిచాడో, ఏ రాజులను ఓడించాడో పేర్లతో సహా జాబితా ఇచ్చాడు. పొగడ్తకు కూడా ఒక కారణం చూపించాలన్న సిగ్గు అప్పుడు ఉండేది. బలి నోట ఆ మాట రావడానికి ముందు, ఎందరో రాజులు పుట్టి పోయారు, వాళ్లలో ఎవరికైనా భూమి మీద పేరైనా మిగిలిందా అన్న ప్రశ్న ఉంది. కారణం లేని పేరు నిలవదన్నదే ఆ పద్యంలో వాదం. నా అభ్యంతరం తగ్గలేదు, కొంచెం ఇరుకైందంతే.

కొత్తగొంతు:

పెద్దల వాదనకు నాదొక మాట. వీడియో తిరిగిన రోజుల్లో ముక్కుమొహం తెలియనివారు నా ఆరోగ్యం గురించి, చదువు గురించి, నేను ఎందుకు నవ్వడం లేదన్న దాని గురించి సొంత అక్కలా అడుగుతూ రాసేవారు. (అసలు వీడియో చూసినవారు కొందరున్నారు.) ఇలాంటి ఏకపక్ష పరిచయం గురించి డోనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు పరిశోధకులు 1956లోనే, రేడియో, టెలివిజన్ వ్యాఖ్యాతలను చూసి రాశారని తరువాత చదివాను. తెర మీది మనిషి తనతోనే మాట్లాడుతున్నట్టు ప్రేక్షకుడికి అనిపిస్తుంది, అటువైపు మనిషికి ఇతను ఉన్నట్టే తెలియదు. ప్రతిష్ఠలో, పరువులో ఇది ఉండదు. అక్కడ రెండువైపులా ఒకరికొకరు తెలుసు. ‘ఫేమ్’ అన్న మాటను పిల్లలు వేరుగా ఉంచుకోవడానికి కారణం ఇదేనేమో. వాళ్లు చెబుతున్నది కీర్తి గురించి కాదు, తాము ఎరగనివారు తమను ఎరగడం గురించి.

పదశోధిని:

అందరికీ కృతజ్ఞతలు. కోశానికి కావలసింది చాలావరకు దొరికింది. ‘ప్రాచుర్యం’, ‘పరపతి’, ‘అర్హత’ కూడా చేరుస్తున్నాను. ‘ఫేమ్’ను తెలుగు లిపిలోనే ప్రత్యేక పదంగా ఇచ్చి, కొత్తగొంతు గారు చెప్పిన అర్థం రాస్తాను. ఒక్క ఖాళీ మిగిలింది. పేరు వద్దనుకునేవారి స్థితికి ఏ మాట? గణితజ్ఞుడు గ్రిగోరీ పెరెల్మాన్ 2006లో ఫీల్డ్స్ పతకాన్నీ, 2010లో పది లక్షల డాలర్ల బహుమతినీ కాదన్నారు. కాదన్నందుకే గణితం తెలియనివారికి కూడా ఆయన పేరు తెలిసింది.

గణితమిత్ర:

‘అజ్ఞాతం’ ఆయనకు సరిపోదు, అజ్ఞాతంలో ఉన్నవారి జాడ తెలియదు. ‘అనామకుడు’ అంటే చులకన ధ్వనిస్తుంది. ‘విముఖుడు’ దగ్గరగా ఉంది: కీర్తివిముఖుడు. ఆయన పెడమొహం పెట్టింది పతకానికే, గణితానికి కాదు కదా.

న్యాయపథికుడు:

కీర్తివిముఖుడు అన్న మాట వ్యక్తికి సరిపోతుంది. ఆ కోరిక హక్కుగా మారినప్పుడు ‘మరపునకు గురయ్యే హక్కు’ అంటున్నారు. ఐరోపా న్యాయస్థానం 2014 మే నెలలో, ఒకరి పేరుతో వెతికినప్పుడు కాలం చెల్లిన, అవసరం లేని పాత సమాచారానికి దారితీసే లంకెలను ఫలితాల్లోంచి తీసేయమని కోరవచ్చని తీర్పు చెప్పింది. ఆ వార్త మూలంలో అలాగే ఉంటుంది, పేరు కొట్టినంత మాత్రాన అక్కడికి చేరుకోలేం, అంతే. ఒక మినహాయింపు కూడా పెట్టింది: కోరే మనిషికి ప్రజాజీవితంలో పాత్ర ఉండి, ఆ సమాచారం జనానికి అందవలసిన అవసరం బలంగా ఉంటే ఆ కోరిక నెగ్గకపోవచ్చు.

అందువల్ల పదశోధిని గారు ఈ పదబంధాన్ని చేరిస్తే, వివరణలో ‘ప్రసిద్ధులకు పరిమితంగా’ అని రాయవలసి ఉంటుంది. ఎవరు ప్రసిద్ధులు అన్నది మళ్లీ ఎవరిలో, ఎంతవరకు, ఏ వ్యవహారంలో అని ఒక్కో కేసులో తూచి చూడవలసిందే. ఆ తూకానికి చట్టంలో గాని నిఘంటువులో గాని ఒకే రాయి లేదు.